తామరాకుల కింద టేకు చేప

మా మనవరాలి బడిలో చీట్లు వేశారట. ఒక డబ్బాలో జంతువుల పేర్లు, ఇంకో డబ్బాలో మొక్కల పేర్లు. పిల్లలు ఒక్కొక్కరూ రెండు డబ్బాల్లోంచీ చెరో చీటీ తీయాలి. వచ్చిన రెండింటికీ పోలికలేమిటో, తేడాలేమిటో అట్ట మీద రాసి, బొమ్మలు అంటించి సోమవారానికి పట్టుకుపోవాలి. పక్కింటి పిల్లకు మేకా, మునగచెట్టూ వచ్చాయి. రెండూ ఇంటి ముందే ఉన్నాయి, పైగా ఒకటి రెండోదాన్ని తింటూ కనబడుతుంది. మా పిల్లకు మాత్రం సముద్రపు టేకు చేపా, మంచినీటి తామరా వచ్చాయి. తాగే నీళ్లకే ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకునే ఊళ్లో ఆ రెండు చీట్లూ ఒకే చేతికి రావడం చూస్తే, ఆ డబ్బాలకు కూడా వెటకారం తెలుసనిపించింది.

ఫోనులో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి నా ముందుకు తోసింది. ఎడమ వైపు ఇసకలో అప్పడంలా పరుచుకుని, పొడుగాటి తోకతో టేకు చేప. కుడి వైపు నీళ్ల మీద తామరాకు.

"ఈ రెండింటికీ ఏం సంబంధం తాతా? ఒకటి చేప, ఒకటి ఆకు" అంది.

నేను నవ్వాను. దగ్గు వచ్చేదాకా నవ్వాను. ఈ పరీక్ష నీ వయసులోనే రాశాననీ, నాతో పాటు ఊరు ఊరంతా రాసిందనీ, అందరం తప్పామనీ చెప్పాను. పిల్ల కలం మూత తీయలేదు. వేరుశనక్కాయల మూట తూచేటప్పుడు మట్టికని తరుగు తీస్తారు చూడండి, మా ఇంట్లో నా మాటకు అట్లా తరుగు తీసి వింటారు. మా ఆవిడ పోయే ముందు ఆ పని మనవరాలికి అప్పజెప్పి పోయింది. ఈ పిల్ల చేయి ఇంకా గట్టిది. కాబట్టి ఎక్కడెక్కడ పెంచుతున్నానో తోచిన చోట నేనే తగ్గించుకుంటూ చెబుతాను.

అప్పుడు నాకు పదేళ్లు. తొమ్మిదేమో.

మా అవ్వ నెలకోసారి పామిడి సంతకు పోయేది. సంచి మోయడానికని నన్ను వెంటబెట్టుకునేది. అసలు పని వేరే. ఎండుచేపల దగ్గర ఆమె బేరమాడుతున్నంతసేపూ నేను పక్కన నిలబడి, మూడు రోజులుగా తిండి లేనివాడిలా ముఖం పెట్టాలి. ముఖం బాగా కుదిరిన రోజు నాకు ఉగ్గాని, ఒక మిరపకాయ బజ్జీ ముట్టేవి. కుదరని రోజు ఉత్త ఉగ్గాని. ఆ కాలంలో నేర్చిన విద్య తర్వాత చాలాచోట్ల అక్కరకొచ్చింది.

సంతకు ఒక్కో వైపు ఒక్కో వాసన. దిగగానే ఉల్లిగడ్డల ఘాటు, ఆ తర్వాత బెల్లం దిమ్మెలు, ఆ తర్వాత తడిసిన గొర్రెబొచ్చు, కాగిన నూనె. అన్నిటికీ చివర, ఎవరూ పక్కన అంగడి పెట్టడానికి ఇష్టపడని చోట, ఎండుచేపలు. మా అవ్వకు ఆ వాసన బస్సులోనే అందేది. ముక్కుపుటాలు ఎగరేసి, వచ్చిందిలే ఆయమ్మ, అనేది.

ఆయమ్మ కోస్తా మనిషి. సన్నగా, పొడుగ్గా, ముక్కుకు రెండు వైపులా పుడకలు పెట్టుకుని ఉండేది. మా అవ్వను పుట్టి బుద్ధెరిగాక "అండీ" అన్నది ఆమె ఒక్కతే. అవ్వ దాన్ని ఎగతాళి అనుకుని రెండు సంతలు ఆమెతో మాట్లాడలేదు. వాళ్ల వైపు అందరినీ అట్లాగే అంటారని తెలిశాక మూడో సంతలో తానూ ఒకసారి అండీ అని చూసి, నోట్లో రాయి పడినట్టు ముఖం పెట్టి మానేసింది.

ఒక సంత రోజు ఆమె అంగట్లో గుంజకు ఒక వింత వేలాడుతోంది. బండిచక్రమంత చేప. (మనవరాలు నా వైపు చూసింది.) సరే, చేటంత. చేటంతే గానీ చేటలా పలచన. ఒంటి నిండా చిరుతకు ఉన్నట్టు చుక్కలు. తోక ఒంటికి రెండింతలు, బర్రెలు తోలే చర్నాకోల మాదిరి. తోక మొదట్లో ఏదో ఉంటే దానికి గుడ్డపేలిక చుట్టి కట్టింది.

"పులి టేకు బాబూ. అమ్మేది కాదు. చూసినోళ్లు ఆగుతారని కట్టాను" అంది. నేను ఆగాను కాబట్టి దాని గొప్ప నిలబడింది.

ఆమె దాన్ని తిప్పి చూపించింది. కింద తెల్లటి పొట్ట మీద ఒక ముఖం ఉంది. రెండు ముక్కు రంధ్రాలు, వాటి కింద నవ్వీ నవ్వనట్టు ఒక నోరు. కళ్లు మాత్రం పైవైపున, వీపు మీద. నోరొక దిక్కు, కళ్లొక దిక్కు ఉంటే తినేది ఏమిటో దానికి ఎట్లా కనబడుతుందని అడిగాను. కనబడదనీ, వాసన పట్టి తింటుందనీ ఆమె చెప్పింది. మా అవ్వ అట్లాగే కదా అనుకుని నేను ఒప్పుకున్నాను.

అది ఈదదట, దుప్పటి దులిపినట్టు అంచులు ఎగరేస్తూ పోతుందట. అలిసిపోతే అడుగున పడుకుని మీద ఇసక కప్పుకుంటుందట. వాళ్ల నాన్న వలకు పోయేటప్పుడు సముద్రంలో అడుగు ఎత్తి వేసేవాడు కాదట. ఆ మాట మాత్రం ఆమె చెప్పినట్టే చెబుతాను. "కాలు ఈడ్చుకుంటా నడవాలి బాబూ. ఈడిస్తే అదే పక్కకి తప్పుకుంటాది, దానికీ మనమంటే బయ్యమే. ఎత్తి దాని మీద ఏసేవనుకో, ముల్లు దింపేస్తాది." గుడ్డపేలిక విప్పి ఆ ముల్లు కూడా చూపించింది. రంపపు పళ్ల లాంటి అంచులు. ముట్టుకోబోతే నా చేతి మీద కొట్టింది.

ఆ రాత్రి రాగిసంగటి, ఎండు నెత్తళ్ల చేపల పులుసు. మూడు ముద్దలు తిన్నాను. చూసింది చూసినట్టే చెప్పినా మా వీధిలో పిల్లలు ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పినప్పుడు నమ్మరు. ఇది నేను చాలా చిన్నప్పుడే గమనించాను.

ఆ ఏడు తుపాను వచ్చింది. మాకు మామూలు వానలు పడవు. ఎక్కడో సముద్రం ఒడ్డున ఇళ్లు కూలితేనే మా దగ్గర చినుకు. తొమ్మిది రోజులు కురిసింది. నాలుగు రోజులు. అంతవరకూ నేను చెరువులో నీళ్లు చూడలేదు. మాకు చెరువంటే గోలీలాడుకునే బయలు, గొర్రెలు మేసే చోటు. చెరువుకట్ట అంటే ఎందుకో ఎత్తుగా వేసిన బాట. అయిదో రోజు తెల్లారి చూస్తే ఆ బయలు లేదు. దాని స్థానంలో ఆకాశం పడి ఉంది. చెరువు నిండి, పక్కనున్న రాతికట్ట మీదుగా నీళ్లు పొర్లిపోతున్నాయి. దాన్ని మరవ పారడం అంటారు. మా నాయన నడివయసులో ఉన్న మనిషి, ఆ శబ్దం వింటూ చిన్నపిల్లాడిలా రాతికట్ట పక్కనే కూర్చుండిపోయాడు. గంగపూజ చేసి, పొట్టేలును కోసి, కట్ట మీదే వండారు. కొత్తనీళ్ల మట్టి వాసన, మసాలా వాసన కలిస్తే ఎట్లా ఉంటుందో అది తెలిసినవాళ్లు ఇప్పుడు మా ఊళ్లో అయిదారుగురం మిగిలాం.

నెల తిరక్కుండానే చెరువులో చేపలు ఎగరడం మొదలైంది. ఎండిన నేలలోకి చేపలు ఎక్కడివి? దీని మీద పెద్దవాళ్లు కట్ట మీద కూర్చుని చాలా రోజులు మాట్లాడుకున్నారు. తేలిందేమిటంటే, మేఘం సముద్రం దగ్గర నీళ్లు తాగొచ్చింది కదా, తాగేటప్పుడు చేపలు కూడా పోయింటాయి, ఇక్కడికొచ్చి కక్కింటుంది. వానపడ్డ మర్నాడు ఒకరి మిద్దె మీద వేలెడంత చేప దొరికిందని సాక్ష్యం కూడా ఉంది. నేను ఈ మాటలన్నీ చెవులు రిక్కించి విన్నాను. వేలెడంతది వచ్చినప్పుడు చేటంతది రాకూడదని ఎక్కడా లేదు కదా.

ఇక్కడ నీరుగంటి మామ గురించి చెప్పాలి. చెరువు నీళ్లు ఏ మడికి ఎప్పుడు, ఎంతసేపు అని పంచేవాణ్ణి, తూము తెరిచి మూసేవాణ్ణి నీరుగంటి అంటారు. వాళ్ల తాత నీరుగంటి, నాయన నీరుగంటి. ఈయన వంతు వచ్చేసరికి చెరువు ఎండిపోయింది. ఇరవై ఏళ్లు గొర్రెలు కాసుకుంటూ పేరుకు మాత్రం నీరుగంటి. నీళ్లు లేని ఊళ్లో ఆ పేరుతో పిలిచినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. ఆ ఏడు ఆయన నవ్వలేదు. తలపాగా ఉతికించి కట్టాడు, పార భుజాన వేసుకున్నాడు, తూము తెరిచాడు. మడుల వెంట ఆయన నడుస్తుంటే నీళ్లు పెంపుడు జంతువులా ముందు ముందు పోయేవి. ఏ గనిమె గట్టు దగ్గర ఎంత గండి కొట్టాలో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఇరవై ఏళ్లు ఆ పని ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడో మరి.

వరి నాట్లు పడి నెల దాటింది. ఒక తెల్లవారి చెంబు పట్టుకుని కట్ట మీదికి పోయాను. నీళ్ల మీద, తూముకు కొంచెం ఇవతల, గుండ్రంగా ఒకటి పరుచుకుని ఉంది. చేటంత. ఆకుపచ్చ అనాలో ఊదా అనాలో తెలియని రంగు. గాలి వచ్చింది. దాని అంచు లేచింది, అడుగు ఎర్రగా కనబడింది, దుప్పటి దులిపినట్టు ఒకసారి అల్లాడి మళ్లీ పరుచుకుంది. నేను అంతవరకూ జన్మలో అట్లాంటిది ఒక్కటే చూశాను. అది గుంజకు వేలాడుతూ ఉండింది. పరుగెత్తాను. ఇంతవరకూ పెంచింది ఏమీ లేదు. నాకు కనబడింది చేపే.

ఇంట్లోకి వచ్చి పడి, సముద్రం చేప చెరువులో ఉందని అరిస్తే, మా అవ్వ మొదట అడిగింది "చెంబు యాడరా?" అని.

కానీ ఆమె కూడా సంతలో ఆ చేపను చూసిన మనిషే. ఆమె అవునంటే ఊరు నమ్మింది. తుపాను, మేఘం, మిద్దె మీది చేప, అన్నీ ఒకదానికొకటి సరిపోయాయి. పది రోజులు నేను బడికి ఎట్లా పోయానో ఎట్లా వచ్చానో గుర్తు లేదు. పెద్దవాళ్లు పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి అడిగేవాళ్లు. నోరు కింద ఉంటుందనీ, కళ్లు వీపు మీద ఉంటాయనీ, తోకలో ముల్లు ఉంటుందనీ చెప్పేవాణ్ణి. బొరుగులుండలు పెట్టేవాళ్లు. నన్ను ఎప్పుడూ ఆటలోకి రానివ్వని పెద్దపిల్లలు కబడ్డీలో పిలిచి మరీ తీసుకున్నారు.

పదకొండో రోజుకు ఆకులు అయిదయ్యాయి. ఆ తర్వాత ఇరవై. నీరుగంటి మామ ఒకటి చూసి గుర్తుపట్టాడు. తామర. వాళ్ల తాత కాలంలో చెరువు నిండా ఉండేదట. గింజ ఇన్నేళ్లూ అడుగు మట్టిలో ఎండకు ఎండి, గొర్రెల కాళ్ల కింద నలిగి కూడా చావకుండా నీళ్ల కోసం కాచుకుని ఉందన్నమాట.  మామ నన్ను పిలిచి, కోపం లేకుండా అడిగాడు.

"నువ్వు చూసింది ఇదేనేమో చూడప్పా."

అదే. చూడగానే నాకు తెలిసిపోయింది. అవునని ఒక్క మాట అంటే అయిపోయేది. చుట్టూ కబడ్డీ పిల్లలు నిలబడి ఉన్నారు.

"ఇది కాదు మామా" అన్నాను. "దీని కింద ఉండాది."

నా మొదటి అబద్ధం అదే అని చెప్పలేను గానీ, మొదటి పెద్ద అబద్ధం అది. దాంతో ఊరికి ఇంకో భయం పట్టుకుంది. అంతవరకూ ఒక్క చేప. ఇప్పుడు ఏది ఆకో ఏది చేపో తెలియదు. గాలి లేకుండా అంచు లేస్తే అది చేప అని నేనే గుర్తు చెప్పాను. బర్రెలను చెరువులో కడగడం మానేశారు. బట్టలు బావి దగ్గరికి మారాయి. ఒక ఎద్దు కాలు గీరుకుపోతే అదీ దాని ముల్లే అన్నారు.

నేను మాత్రం ఎవరూ లేనప్పుడు ఒడ్డున ఉన్న ఆకు ఒకటి కాడతో సహా పీకి చూశాను. మనవరాలికి పనికొచ్చేది ఇక్కడే ఉంది. ఆకు మీద నీళ్లు పోస్తే అంటలేదు, పాదరసంలా ఉండలు కట్టి దొర్లింది. కాడ నా ఎత్తుకు రెండింతలు, అచ్చం ఆ తోకే. కాడ పొడుగునా సన్నటి ముళ్లు. అరచేయి చర్రున గీరుకుంది. విరిచి చూస్తే లోపల నిలువునా సన్నటి గొట్టాలు, ఒక కొసన ఊదితే రెండో కొసన గాలి వచ్చింది. చేప అడుగున పడుకుని పైకి చూస్తుంది, దీని వేరు అడుగున ఉండి ఆకును పైకి పంపుతుంది. రెండూ పరుచుకునే బతుకుతాయి, రెంటికీ కంటికి కనబడేది సగమే. ఒకటి ఉప్పునీళ్లలో తప్ప బతకదు, ఒకటి మంచినీళ్లలో తప్ప మొలవదు. లోకంలో ఎప్పుడూ కలుసుకోని ఆ రెండూ మా చెరువులోనే కలిశాయి. కలిపింది నేను. అప్పటికి భయం కన్నా ఆ గొప్పే ఎక్కువగా ఉండింది నాకు.

ఒకసారి నీరుగంటి మామ మా ఇంటికే వచ్చాడు. నా ముందు గొంతుక్కూర్చున్నాడు. పెద్దమనిషి కింద కూర్చుని నన్ను అడగడం అదే మొదలు. ముల్లు తోకకు యాడ ఉంటాది, ఎంత పొడుగు, అది ముందు కదుల్తాదా మనిషి ముందు కదలాల్నా అని ఒక్కొక్కటీ అడిగి, విన్నది మనసులో మళ్లీ అనుకున్నాడు. కాలు ఈడ్చి నడిస్తే తప్పుకుంటుందని నేను చెప్పినప్పుడు లేచి నిలబడి మా వాకిట్లో రెండు సార్లు అట్లా నడిచి చూపించి, ఇట్లేనా, అన్నాడు. ఇట్లే, అన్నాను.

ఆయన ఎందుకు అడుగుతున్నాడో తర్వాత తెలిసింది. ఎండలు ముదిరాయి. వరి పాలు పట్టే వేళ. ఇంకో రెండు తడులు పారితే పంట ఇంటికొస్తుంది. ఆ సమయంలో తూము నుంచి కాలువలోకి వచ్చే నీళ్లు సన్నబడి, సన్నబడి, ఒక పొద్దున నిలిచిపోయాయి. తూముకట్టె పైకే ఉంది, అంటే తూము తెరిచే ఉంది. లోపల కంతకు ఏదో అడ్డం పడింది. మనిషి మునిగి చూడాల్సిందే. నీళ్లు తగ్గాయి గానీ తూము దగ్గర ఇంకా మనిషిన్నర లోతుంది. ఆ చుట్టూ నీళ్లు కనబడనంతగా తామరాకులు.

ఒకరోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. మామ పొద్దున్నే కట్ట మీదికి పోవడం, ఆకుల వైపు చూడడం, తిరిగి రావడం. మడులు నెర్రెలిచ్చాయి. మా ఎకరా కూడా అందులో ఉంది. రెండో రోజు సాయంత్రం రైతులంతా మా అరుగు మీద చేరారు. మా నాయన నోరు మంచిది కాదు. "నీతో కాకుంటే కాదని చెప్పప్పా. పక్కూర్లో మునిగేటోడు ఒకడుండాడు. రేపు పిలిపిస్తాం. తూము తెరిచినోడే నీరుగంటి" అన్నాడు. ఎవరూ ఆ మాటకు అడ్డు చెప్పలేదు. మామ తల పైకెత్తలేదు. ఇరవై ఏళ్లు ఉత్త పేరు మోశాడు, ఆ పేరుకు ఒక్క పంట పండీ పండకముందే అది ఇంకొకరికి పోబోతోంది.

మర్నాడు పొద్దున ఆయన భార్య మజ్జిగకని మా ఇంటికి వచ్చింది. మజ్జిగ పోయించుకుని కూడా పోలేదు. ఆయన రెండు రోజులుగా ముద్ద ముట్టలేదని అవ్వకు చెప్పింది. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"నువ్వు నీ కండ్లతో చూసినావు కదప్పా. నిజంగానే ఉండాదా?"

అవ్వ చూస్తోంది. లోపల నాయన ఉన్నాడు. ఇంత దూరం వచ్చాక లేదంటే నా వీపు ఏమవుతుందో నాకు తెలుసు.

"ఉండాది అత్తా" అన్నాను.

ఆమె నా తల నిమిరి వెళ్లిపోయింది.

ఆ తర్వాతిది నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను. మా ఆవిడకు చెప్పాను, మా పిల్లలకు చెప్పాను. ఎట్లాగంటే: ఆమె అట్లా పోగానే నాకు దుఃఖం ఆగలేదు, కట్ట మీదికి పరుగెత్తాను, దిగబోతున్న మామ కాళ్లు పట్టుకుని, చేప లేదు, నేను అబద్ధం చెప్పాను అని ఊరందరి ముందూ ఏడ్చాను. బాగుంటుంది. విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నిన్న మనవరాలికి కూడా ఇట్లాగే మొదలుపెట్టాను. ఆ పిల్ల రాయడం ఆపి, "నిజంగా చెప్పినావా తాతా?" అని అడిగింది. వాళ్లవ్వ ఒక్కసారి కూడా అడగలేదు.

లేదు. చెప్పలేదు.

పరుగెత్తిన మాట నిజం. పోయేసరికి మామ చొక్కా తీసి, పంచె ఎగగట్టి ఉన్నాడు. రైతులు కట్టకు అవతల, కాలువ దగ్గర ఉన్నారు, నీళ్లొస్తాయో రావో చూడడానికి. ఇటు వైపు ఎవరూ లేరు. మామ నన్ను చూసి, మంచిదైంది వచ్చినావు, అన్నాడు. తలపాగా విప్పి నా చేతికిచ్చాడు.

"ఈడ నిలబడు. ఆకు ఏదో, అది ఏదో నీకే తెలుసు. యాడన్నా కదిలితే కేకెయ్" అన్నాడు.

  ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నా నోరు తెరుచుకోలేదు. ఆయన నీళ్లలోకి దిగి, అడుగు ఎత్తకుండా, మా వాకిట్లో నడిచి చూపించినట్టే కాళ్లు ఈడ్చుకుంటూ ఆకుల్లోకి పోయాడు. నడుము, రొమ్ము, గడ్డం. తర్వాత తల లేదు. బుడగలు.

అప్పుడు చెప్పాను. "చేప లేదు మామా" అన్నాను. బుడగలకు చెప్పాను. గట్టిగానే చెప్పాను.

పైకి వచ్చాడు, ఊపిరి పీల్చాడు, మళ్లీ మునిగాడు. ఆ రెండోసారి గాలి వచ్చింది. ఆకులన్నీ ఒక్కసారి అంచులు ఎత్తాయి. ఇది ఎవరూ నమ్మక్కర్లేదు. తామరాకులని తెలిసిన ఒకే ఒక్కణ్ణి నేను, నాకే ఆ క్షణంలో ప్రతి ఆకూ చేపలా కనబడింది. తలపాగా ముఖానికి అదుముకుని ఏడ్చాను. మూడోసారి ఆయన చాలాసేపు రాలేదు. ఎంతసేపో చెప్పను. చెబితే పెంచుతాను.

కట్టకు అవతల కేక వినబడింది. కాలువలోకి నీళ్లు దూకాయి. ఎర్రటి బురదనీళ్లు. రైతులందరూ వాటి వెంట మడుల వైపు పరుగెత్తారు. ఇటు వైపు మామ తేలాడు. ఒడ్డుకొచ్చి, చంకలో ఉన్న తామరకాడల కట్టను కింద పడేశాడు. అవే, కుళ్లి, ఒకదానికొకటి పెనవేసుకుని కంతలోకి దూరాయి. ఆయన చేతులు, రొమ్ము, మెడ అంతా ముళ్లు గీరి ఎర్రటి గీతలు. కూర్చుని రొప్పుతున్నాడు. నేను పక్కన నిలబడి, ఈసారి మనిషికి చెప్పాను. లేదనీ, ఆ రోజు చూసింది ఆకేననీ, నువ్వు ఆకు చూపించినప్పుడే అది నాకు తెలిసిపోయిందనీ, కింద ఉందన్నది అబద్ధమనీ.

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. 

"అంతా తడిమి చూసినా. లేదని ఇప్పుడు నాకూ తెలుసు" అన్నాడు. "దిగేటప్పుడు తెలీదు కదప్పా."

తలపాగా తీసుకుని ముఖం తుడుచుకున్నాడు. కట్ట మీద అడుగుల చప్పుడు వినబడింది. మా నాయన, ఇంకో ఇద్దరు వస్తున్నారు. మామ గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పాకు. ఉండాదనుకోనే దిగినా నేను. లేదని చెప్తివా, ఉత్త నీళ్లలో మునిగినట్టయితాది."

మా నాయన వచ్చి ఆ గీతలు చూసి నిలబడిపోయాడు. అదేనా, అని అడిగాడు. మామ నా వైపు చూడకుండా, ఉండాది, కాలు ఈడ్చినా, పక్కకు జరిగింది, అన్నాడు. అంతే చెప్పాడు. ఇంకొకడైతే, నేనైతే, ఆ చేపతో అరగంట కుస్తీ పట్టించి ఉండేవాణ్ణి. మా నాయన తన భుజం మీది తువ్వాలు తీసి ఆయన వీపు తుడిచాడు. నాయన ఇంకో మనిషి వీపు తుడవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

పంట వచ్చింది. కళ్లంలో మొదటి చేట గింజలు నీరుగంటి గుడ్డలో పడ్డాయి. ఆ మరుసటేడు వానల్లేవు, ఆ పై ఏడూ లేవు. తామర వచ్చిన దారినే మట్టిలోకి పోయింది. చెరువు మళ్లీ నిండినట్టు నిండింది మా ఊళ్లో ఒకటి రెండు సార్లే, అదీ సగం సగం. ఇప్పుడు అంతా కంపచెట్లు. మామ మళ్లీ గొర్రెలు కాశాడు. కానీ ఆ పేరుతో పిలిచినప్పుడు ఎవరూ నవ్వలేదు. నేను పెద్దవాణ్ణై, ఉద్యోగం చేసి, ఊరికి వచ్చినప్పుడల్లా కనబడేవాడు. ఆ మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తుకోలేదు. నా నోటిలో ఏ మాటా నిలవదని తెలిసిన మా ఆవిడకు కూడా, ఆయన నన్ను చెప్పొద్దన్న మాట చెప్పలేదు. కట్ట మీద ఏడ్చినట్టు కట్టిన కథలో కూడా, ఊరెవరూ నన్ను నమ్మలేదనీ, చేప ఉండనే ఉందనీ కలుపుకునేవాణ్ణి. నాకు తెలిసి నేను దాచిన రహస్యం అదొక్కటే.

ఆయన చనిపోయినప్పుడు ఊరికి పోయాను. మట్టి చేసి వస్తుంటే చెరువు దగ్గర కుర్రవాళ్లు నలుగురైదుగురు నన్ను చుట్టుకున్నారు. వాళ్ల పుట్టుక నాటికి చెరువులో నీళ్లే లేవు. ముసలాయన కాలితో సముద్రం చేపను పక్కకు నెట్టి తూము తెరిచినాడంట, నువ్వు పక్కనే ఉంటివంట కదా పెదనాయనా, నిజమేనా, అన్నారు. నిజమే, అన్నాను. అందులో ఒకడు అడిగాడు, ఆ చేప ఎంతుండె, అని.

నేను నిలబడి, ఆ కంపచెట్ల వైపు ఒకసారి చూసి, రెండు చేతులూ ఎంత చాచగలనో అంతా చాచాను.